ఎవరు, ఎన్నింటికి?

ఆమెకి ఒక్కచోట కూర్చోవడం చేతకాదు. పిల్లల సంరక్షణ శాఖలో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నా ఆమె కుర్చీ ఇంకా కొత్తదానిలాగే ఉండేది. ఫైలు రాస్తూ రాస్తూ లేచి కిటికీ దాకా వెళ్ళేది. తిరిగొచ్చి రెండు వాక్యాలు రాసి, "మళ్ళీ ఒకసారి వెళ్ళొస్తాను" అంటూ సంచీ భుజానికి తగిలించుకునేది. అందుకే ఆఫీసులో అందరూ ఆమెని 'మళ్ళీ మేడం' అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా పలికేది.

ఆమె, ఆమె అక్క కలిసి ఉండేవారు. అక్క లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. "నీ కాళ్ళకి చక్రాలున్నాయే. పడుకునేటప్పుడైనా విప్పి మంచం కింద పెట్టు," అని ఏడిపించేది. చెల్లెలు నవ్వేసేది గానీ, అన్నం తింటూ తింటూ లేచి ఎవరింటికో ఫోన్ చేయడం మాత్రం మానేది కాదు.

చిన్న వయసులో ఆమె బడిలో టీచరు. క్లాసులో ఒక పిల్ల రావడం మానేస్తే హెడ్మాస్టరు రిజిస్టరులో పేరు కొట్టేయమన్నాడు. ఆమె కొట్టేయకుండా ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ నడకే తర్వాత ఉద్యోగమైంది.

ఆ ఉద్యోగంలో ఒక దెబ్బ కూడా తగిలింది. ఆరేళ్ళ కిందటి సంగతి. ఒక తండ్రి తాగి కూతుర్ని కొట్టాడు. పిలిపించి అడిగితే వెక్కి వెక్కి ఏడ్చి, "ఇంక జన్మలో చెయ్యి చేసుకోను" అని రాసి సంతకం పెట్టాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆమె నమ్మి పిల్లని ఇంట్లోనే ఉంచింది. పదకొండో రోజున ఆ పిల్ల ఆస్పత్రి పాలైంది. బతికింది గానీ ఎడమ చెవి పోయింది. ఆఫీసులో ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి మరి. అప్పటినుంచి ఎవరైనా పెన్ను తీసి సంతకం పెడతానంటే ఆమె ఆ పెన్ను తీసి పక్కన పెట్టేసేది.

అలాంటి మనిషి చేతికి ఒక సోమవారం పొద్దున పిచ్చుక ఫైలు వచ్చింది.

పిచ్చుక అంటే ఎనిమిదేళ్ళ పిల్ల. మూడో తరగతి. సన్నగా ఉండి గెంతుతూ నడుస్తుందని ఇంట్లోవాళ్ళు అలా పిలిచేవారు. రెండు నెలల్లో పందొమ్మిది రోజులు బడి మానేసిందనీ, ఎడమ ముంజేతి మీద కాలిన గాయం ఉందనీ టీచరు ఫోన్ చేసి చెప్పింది. "మొదట అడిగితే పాలు పడ్డాయంది. ఇంకోసారి అడిగితే నేనే పోసుకున్నానంది. ఎవరు పోసుకుంటారు మేడం, కావాలని?"

సూపరింటెండెంటు వివరాలు చదివాడు. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తల్లి ఇంట్లోనే ఉంటుంది. ఏడు నెలల చంటిపిల్ల ఉంది. తండ్రి కేకలు కింద వీధిలోకి వినిపిస్తుంటాయని పొరుగువాళ్ళు చెప్పారు.

"సాయంత్రానికల్లా తేల్చండి," అన్నాడాయన. "పిల్లలు ఆ ఇంట్లో ఉండొచ్చా, ఉండకూడదా. అంతే."

ఆ ఇల్లు ఒక లాండ్రీ పైన, మొదటి అంతస్తులో. రెండు గదులు, ఒక వంటింటి మూల. ఎదురు తలుపు ఒక టైలరమ్మది. ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండి కుట్టుమిషన్ చప్పుడు మెట్ల దాకా వినిపించేది. తలుపు తీసింది పిల్లల తల్లి. పలకరిస్తే మాట ముద్దగా వచ్చింది, నాలుక నొప్పిగా ఉన్నట్టు. చంటిపిల్ల నేల మీద పరుపులో బోర్లా పడి ఆడుకుంటోంది. తండ్రి అన్నానికి ఇంటికొచ్చి, తిరిగి డ్యూటీకి వెళ్ళబోతూ ఆగి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

'మళ్ళీ మేడం' మాట్లాడుతూనే గదంతా చూసింది. పొయ్యికి తిప్పే మరలు లేవు. పీకేసి అలమార మీద పెట్టారు. బల్ల మూలలకి పాత తువ్వాళ్ళు చుట్టి ఉన్నాయి. స్నానాలగది తలుపుకి లోపలి గడియ లేదు, నాలుగు మేకుల బెజ్జాలు మాత్రం ఉన్నాయి.

"ఈ గడియ ఎవరు తీశారు?" అని అడిగింది.

"నేనే తీశాను," అన్నాడు తండ్రి.

"ఎందుకు?"

"నా ఇల్లు, నా తలుపు. గడియ ఉంచుకుంటానో తీసేస్తానో మీకెందుకు?" గొంతు నిజంగానే పెద్దది. చంటిపిల్ల ఉలిక్కిపడింది. తల్లి నేల చూపులు చూస్తోంది.

భార్య లోపల దాక్కోకుండా గడియ పీకేసిన మగవాళ్ళని మేడం ఇదివరకు చూసింది. లెక్క తేలిపోయినట్టే అనిపించింది. కానీ తువ్వాళ్ళు? భార్యని కొట్టేవాడు బల్ల మూలలకి తువ్వాళ్ళు ఎందుకు చుడతాడు? చంటిపిల్ల కోసమంటే, ఆ పిల్ల ఇంకా పాకడం లేదు. పైగా ఆ మూలలు పెద్ద మనిషి నడుమెత్తున ఉన్నాయి.

మెట్లు దిగి లాండ్రీ ముందు నిలబడి సూపరింటెండెంటుకి ఫోన్ చేసింది. "రేపటిదాకా టైమివ్వండి సార్. ఇక్కడ ఏదో ఉంది. నేననుకున్నది మాత్రం కాదు."

"ఈలోగా ఏమైనా అయితే?"

ఆమె తిరిగి మెట్లెక్కి, "ఈ పిల్లలకి దగ్గరి పెద్దవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగింది. రెండు వీధుల అవతల నాయనమ్మ ఉందన్నారు. గంటలో ఆ పెద్దావిడ దిండు చంకన పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. "రేపు నేను వచ్చేదాకా మీరు ఇక్కడే ఉండాలి, కదలకూడదు," అని చెప్పి మేడం ఇంటికి వెళ్ళింది. ఆ పూట అక్క ఎన్నిసార్లు పిలిచినా కంచం ముందు కూర్చోలేదు. కాలు కాలిన పిల్లిలా వరండాలో అటూ ఇటూ తిరిగింది.

మంగళవారం పొద్దున బడిలో, పాత మ్యాపులు పెట్టే గదిలో పిచ్చుకని కలిసింది. ప్రశ్నలేమీ అడగకుండా ఒక తెల్లకాగితం మీద మూడు ఇళ్ళు గీసింది. "ఇది బాగున్నవి పెట్టే ఇల్లు. ఇది బెంగ పుట్టించేవి పెట్టే ఇల్లు. ఇది నువ్వు కావాలనుకునేవి పెట్టే ఇల్లు. నీ ఇష్టం, ఏదైనా గియ్యి."

మొదటి ఇల్లు చిటికెలో నిండిపోయింది. చెల్లి, టైలరమ్మ గుండీల డబ్బా, నాన్న భుజాల మీద తను. రెండో ఇంటి దగ్గర పెన్సిలు ఆగిపోయింది. చాలాసేపు పెన్సిలు చివర కొరికి, చివరికి నేల మీద అడ్డంగా ఒక మనిషిని గీసింది. చేతులు వంకరటింకరగా ఉన్నాయి.

"ఎవరు తల్లీ?"

"అమ్మ. వణుకుతుంది. కళ్ళు పైకి వెళ్ళిపోతాయి. తర్వాత లేచి నన్ను ఎవరు నువ్వంటుంది." పిల్ల గొంతు తగ్గించింది. "మొన్న పొయ్యి దగ్గర పడింది. పాలగిన్నె పడిపోతుంటే చెల్లిని లాగేశాను."

"అప్పుడు నీ చెయ్యి కాలిందా?"

తల ఊపింది. "ఎవరికీ చెప్పొద్దన్నాడు నాన్న. చెప్తే ఆఫీసువాళ్ళు వచ్చి నన్నూ చెల్లినీ తీసుకెళ్ళిపోతారంట." తలెత్తి సూటిగా అడిగింది. "మీరు ఆఫీసువాళ్ళేనా ఆంటీ? తీసుకెళ్తారా?"

తీసుకెళ్ళనని చెప్పడం తేలిక. కానీ అది తన చేతిలో లేదు. తీసుకెళ్తానని ఆ పిల్లతో అనలేకపోయింది. "నేను ఆఫీసుదాన్నే," అంది చివరికి. "ఏం జరుగుతుందో నాకూ ఇంకా తెలీదు. మీవాళ్ళందర్నీ కూర్చోబెట్టి మాట్లాడతాను. నీకు చెప్పకుండా మాత్రం ఏదీ చెయ్యను. సరేనా?"

పిచ్చుక మూడో ఇంట్లో అమ్మని గీసి, పక్కన అమ్మకంటే పొడుగ్గా ఇంకో మనిషిని గీసింది. "అమ్మ పడేటప్పుడు ఎవరైనా పెద్దవాళ్ళుండాలి. నేను బడిలో ఉన్నప్పుడు కూడా," అని క్లాసుకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మేడం ఆ ఇంటికి వెళ్ళి ముందుగా తల్లితో అంది: "మీకు మూర్ఛ వస్తుందని తెలిసింది. పిల్లని ఏమీ అనకండి. అది చెప్పి మంచి పని చేసింది."

తల్లి ఒక్కసారిగా నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. తండ్రి గొంతు ఈసారి లేవలేదు. బయటికి వచ్చిన సంగతి ఇది: ఆమెకి పెళ్ళికి ముందునుంచీ మూర్ఛ ఉంది. బట్టల ఫ్యాక్టరీలో ఒకరోజు అందరి ముందూ పడిపోతే మర్నాడే పని మాన్పించారు. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకి ఏమవుతుందోనని, ఏ డాక్టరునీ అడక్కుండా మాత్రలు ఆపేసింది. ఫిట్స్ తిరగబెట్టాయి. తండ్రి తనకి తోచిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు: తువ్వాళ్ళు చుట్టాడు, గడియ పీకాడు, పొయ్యి మరలు దాచాడు. ఆ మరలు దాచడం మరిచిన ఒకే ఒక్కరోజు పాలు కాచబోయి ఆమె పడింది. తను డ్యూటీలో ఉండే గంటలకి మాత్రం పెద్దకూతుర్ని కాపలా పెట్టాడు.

"కేకలేస్తాను, నిజమే," అన్నాడతను. "భయమేస్తే నాకు కేకలే వస్తాయి మేడం. ఆమె ఒక్కతే పొయ్యి దగ్గరికి వెళ్తే, నా ప్రాణం పోయినట్టుంటుంది."

బుధవారం సాయంత్రం ఆ రెండు గదుల్లోనే అందరూ కూర్చున్నారు: తల్లి, తండ్రి, నాయనమ్మ, ఎదురింటి టైలరమ్మ, బస్సు కండక్టరుగా పనిచేసే మేనమామ. పిచ్చుక కూడా ఉండాల్సిందేనని మేడం పట్టుబట్టింది. అలమార తలుపుకి పెద్ద కాగితం అంటించింది. ఒక పక్క భయపెడుతున్నవి, ఒక పక్క బాగా జరుగుతున్నవి, చివర ఏం జరగాలన్నది.

"సున్నా అంటే పిల్లలు ఈ క్షణమే ఇక్కడినుంచి వెళ్ళిపోవాలి. పది అంటే నేను ఇంకెప్పుడూ ఈ గడప తొక్కక్కర్లేదు. ఇవాళ ఎంత? ఒక్కొక్కరే చెప్పండి."

"ఎనిమిది," అన్నాడు తండ్రి.

"నాలుగు," అంది తల్లి, అతని వైపు చూడకుండా.

టైలరమ్మ అయిదంది. మేనమామ మూడన్నాడు. నాయనమ్మ వంతు వచ్చింది. "నాకు లెక్కలు రావమ్మా. చిన్నప్పుడు అందుకే బడి ఎగ్గొట్టాను," అంది. అందరూ నవ్వారు. ఆమె అంకె చెప్పలేదన్న సంగతి ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

"నేను రెండంటాను," అంది మేడం.

తండ్రి లేచి నిలబడ్డాడు. "నా పిల్లల మీద ఈగ వాలనివ్వను నేను! రెండా?"

"మీ ప్రేమకి మార్కులు వెయ్యడం లేదు బాబూ. ఎనిమిదేళ్ళ పిల్ల బడి మానేసి కాపలా కాస్తోంది. దాని చెయ్యి చూడండి."

అతను చూశాడు. మెల్లగా కూర్చున్నాడు.

తర్వాత మేనమామ పెన్ను తీసుకుని కాగితం మీద 'ఇకనుంచి అందరం జాగ్రత్తగా ఉంటాం' అని గుండ్రంగా రాశాడు. మేడం వెంటనే దాన్ని అడ్డంగా కొట్టేసింది. అతని మొహం చిన్నబోయింది.

"ఏమనుకోకండి. జాగ్రత్తంటే ఎవరు? ఎన్నింటికి? అది రాయండి," అంది.

రాయడం మొదలుపెడితే గంటన్నర పట్టింది. తండ్రి పొద్దున ఆరున్నరకి బయల్దేరతాడు కాబట్టి ఆరుంపావుకల్లా నాయనమ్మ రావాలి. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉంటేనే పొయ్యి వెలగాలి. చంటిదానికి తల్లి ఒక్కతే స్నానం చేయించకూడదు. నేల మీది పరుపులో కూర్చునే పాలివ్వాలి. మధ్యాహ్నం రెండు గంటలు టైలరమ్మ. ఆదివారం మేనమామ. శుక్రవారం ఆస్పత్రికి వెళ్ళి మాత్రల సంగతి డాక్టరునే అడగాలి. ఇంట్లో ఏం జరిగినా మేడానికి ఫోన్ చెయ్యాలి.

"అత్తకి ఒంట్లో బాగోకపోతే?" అని తల్లి అడిగింది.

అప్పుడు తండ్రి గొంతు సవరించుకున్నాడు. "లిఫ్టుని ఒక్క తాడు మీద వేలాడదీయరు మేడం. ఒకటి తెగినా మిగతావి మొయ్యాలి. ప్రతి గంటకీ రెండో పేరు కూడా రాద్దాం."

ఆ రెండో పేర్లు కుదరడానికి ఇంకో అరగంట పట్టింది. కొన్ని గంటలకి మేనమామ పేరే మళ్ళీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. అది మేడానికి నచ్చలేదు. కానీ వేరే మనిషి దొరకలేదు.

చివర పిచ్చుక వంతు. "నువ్వున్నప్పుడు అమ్మ పడితే నీది ఒక్కటే పని," అంది మేడం. "ఎదురింటి తలుపు తట్టడం. తట్టావా, నీ పని అయిపోయినట్టే. రేపటినుంచి రోజూ బడికి."

"చెల్లిని ఎత్తుకోకూడదా?"

"ముద్దొస్తే ఎత్తుకో. కాపలాకి అక్కర్లేదు."

సూపరింటెండెంటు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "పిల్లలు అక్కడే ఉండనివ్వండి. కానీ రోజూ చూసి రండి. పూచీ మీది," అన్నాడు. ఆ మాట ఆయన అనకపోయినా ఆమె రోజూ వెళ్ళేదే. గురువారం వెళ్ళింది. శుక్రవారం ఆస్పత్రి వరండాలో వాళ్ళతో పాటే కూర్చుంది, అంటే వాళ్ళు కూర్చున్నారు, ఆమె తిరిగింది. పాలిచ్చే తల్లికి సరిపోయే మాత్ర రాసిచ్చి, అది ఒంటికి పట్టడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు చెప్పారు. ఆ కొన్ని వారాలన్న మాట ఆమె తలలో ఈగలా తిరిగింది. శనివారం సెలవైనా కూరగాయలకని బయల్దేరి ఆ వీధిలో తేలింది. కూరగాయలు లేకుండా ఇంటికొస్తే అక్క ఏమీ అనకుండా తనే సంచీ తీసుకుని వెళ్ళింది.

తర్వాతి బుధవారం పదకొండింటికి ఆ మెట్లెక్కుతుంటే మిషన్ చప్పుడు వినిపించలేదు. టైలరమ్మ తలుపు బార్లా తెరిచి ఉంది. కత్తెర నేల మీద పడి ఉంది, బట్ట సగం కుట్టు సూది కింద ఉంది. లోపల ఎవరూ లేరు. పిచ్చుక వాళ్ళింటికి తాళం.

మేడం తాళం పట్టుకుని లాగింది. పిలిచింది. తలుపుకి చెవి ఆనించి చంటిపిల్ల ఏడుపు కోసం విన్నది. చప్పుడు లేదు. ఆరేళ్ళ కిందటి ఆస్పత్రి మంచం, దాని మీద తలకి కట్టుతో ఉన్న పిల్ల కళ్ళ ముందుకొచ్చాయి. గబగబా కింద లాండ్రీ దగ్గరికి దిగింది.

"పైవాళ్ళు ఏరండీ?"

లాండ్రీ అతను ఇస్త్రీ ఆపాడు. "ఆవిడకి ఫిట్స్ ఆగలేదండీ. మా వ్యానులో ఆస్పత్రికి పంపించాను. చంటిది ముసలావిడ దగ్గరుంది, బానే ఉంది. మీకు ఫోన్ చెయ్యలేదా?"

ఎవరూ చెయ్యలేదు. ఆస్పత్రిలో తల్లి మంచం మీద మగతగా ఉంది. టైలరమ్మ చేతికున్న సూదుల పట్టీ కూడా విప్పకుండా పక్కన నిలబడి ఉంది. నాయనమ్మ చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. జరిగింది టైలరమ్మ చెప్పింది. పొద్దున అత్తాకోడళ్ళకి మాటా మాటా పెరిగింది. నాయనమ్మ విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాసేపటికి ఏదో పడిన చప్పుడైతే టైలరమ్మ పరిగెత్తింది. తల్లి పరుపు మీదే పడింది. చంటిపిల్ల పక్కనే ఉంది, దెబ్బలేమీ తగల్లేదు. రెండో పేరు మేనమామది. అతను బస్సులో టిక్కెట్లు కొడుతున్నాడు, ఫోన్ ఎత్తలేదు. చివరికి కబురు పంపితే నాయనమ్మే తిరిగొచ్చి చంటిదాన్ని ఎత్తుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అని మేడం గట్టిగానే అడిగింది.

"చెప్తే పిల్లల్ని పట్టుకుపోతారని," అంది నాయనమ్మ. అని ఏడ్చేసింది. "నావల్ల కావడం లేదమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా మోకాళ్ళు ఒప్పుకోవు. ఆరోజు అందరి ముందూ కాదనడానికి సిగ్గేసింది. అంకె అడిగావు చూడు, నాకు అంకెలు రాక కాదు."

మేడం ఆమె పక్కన కూర్చుంది. కోపం నాయనమ్మ మీద కాదు. నవ్వొచ్చిందని అందరితో పాటు నవ్వేసి, ఆ జవాబు కోసం మళ్ళీ అడగలేదు తను.

సూపరింటెండెంటు ఫోన్లో అన్నాడు: "ఇంక చాలు మేడం. పిల్లల్ని తెచ్చేద్దాం."

"రెండు గంటలివ్వండి సార్. ఆ తర్వాత మీరు చెప్పినట్టే చేస్తాను."

ఆ రెండు గంటల్లో ఆమె మొదట చేసిన పని బడికి వెళ్ళడం. పిచ్చుకకి ఇచ్చిన మాట ఉంది కదా. క్లాసు కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల పక్క పిల్లతో రబ్బరు కోసం హోరాహోరీగా కొట్లాడుతోంది. నాదంటే నాదని. టీచరు ఇద్దర్నీ నిలబెట్టింది. పిచ్చుక మొహం కోపంతో ఎర్రగా ఉంది. ఆ క్షణాన దానికి అమ్మ గుర్తులేదు, చెల్లి గుర్తులేదు, ఆ రబ్బరు తప్ప లోకంలో ఇంకేం లేదు. మేడం ఆ రబ్బరు గొడవ తీరేదాకా కిటికీ దగ్గరే ఆగి, అప్పుడు పిలిచి నెమ్మదిగా సంగతి చెప్పింది.

"చెల్లి?" అంది పిచ్చుక.

"దానికేం కాలేదు. టైలరమ్మ టైముకి వచ్చింది."

"అయితే నేను లెక్కల పీరియడు అయ్యాక వస్తాను," అంది పిల్ల.

అక్కడే వరండాలోంచి మేడం సూపరింటెండెంటుకి ఫోన్ చేసింది. నాయనమ్మ బరువు దించకపోతే ఈ కాగితం పనికిరాదనీ, దించే దారి ఉందనీ చెప్పింది. చంటిపిల్లని పొద్దున నాలుగు గంటలు శిశు సంరక్షణ కేంద్రంలో పెడితే నాయనమ్మ ఆ పూట ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చు. అప్పుడు తల్లి తన ఇంట్లో ఒంటరిగా కాకుండా టైలరమ్మ గదిలో కూర్చుని గుండీలు కుట్టొచ్చు. "చోటు ఎప్పుడు దొరుకుతుంది?" అన్నాడాయన. "సోమవారానికి. అప్పటిదాకా సెలవు పెడతానని తండ్రి ఇందాక ఫోన్లో చెప్పాడు." ఆయన ఒప్పుకున్నాడు గానీ, ఆ గొంతులో ఇష్టం లేదు. ఆయన ఒప్పుకోవడం సరైనదేనా అని ఆమె కూడా ఆ వారమంతా తనని తాను అడుక్కుంది.

సాయంత్రం మళ్ళీ అందరూ కూర్చున్నారు. ఈసారి మొదటి ప్రశ్న నాయనమ్మకే. "మూడు," అని ఆమె గట్టిగా చెప్పింది. కోడలు ఆమె చెయ్యి పట్టుకుని, "నాకూ అంతే అత్తా," అంది. పొద్దుటి గొడవ అలా సగం తీరింది. మిగతా సగం తీరడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

తర్వాత ఎనిమిది నెలలు ఆ ఫైలు ఆమె బల్ల మీదే ఉంది. ఫిట్స్ ఇంకో మూడుసార్లు వచ్చాయి. మూడుసార్లూ పక్కన ఎవరో ఒకరున్నారు, మూడుసార్లూ ఆమెకి ఫోన్ వచ్చింది. తర్వాత మాత్ర ఒంటికి పట్టింది. తండ్రి కేకలు పూర్తిగా ఆగలేదు గానీ, కేకవేసి తనే నాలుక కరుచుకోవడం నేర్చుకున్నాడు. తల్లి టైలరమ్మ దగ్గరే పనిలో కుదురుకుంది. పిచ్చుక లెక్కల్లో బొటాబొటిగా పాసయింది.

ఫైలు మూసే రోజున మేడం ఆ ఇంటికి వెళ్ళింది. చంటిపిల్ల గోడ పట్టుకుని అడుగులేస్తోంది. కాగితాలన్నీ చదివి వినిపించి తల్లిదండ్రులకి చెరో ప్రతి ఇచ్చింది. పిచ్చుకతో కూడా చెప్పి వెళ్ళాలనుకుంది. అది స్నేహితురాలి ఇంట్లో ఆడుకుంటోందన్నారు. పిలుచుకొస్తానని తండ్రి లేచాడు.

"వద్దు, ఆడుకోనివ్వండి," అంది మేడం. అరగంట కూర్చుంది. టీ తాగింది. పిల్ల రాలేదు. చెప్పకుండా ఏదీ చెయ్యనన్నాను కదా అని సంచీలోంచి కాగితం తీసి, ఇకమీదట తను రోజూ రాదనీ, కావాలంటే ఫోన్ చెయ్యమనీ పెద్ద అక్షరాల్లో రాసి తల్లి చేతిలో పెట్టింది. లేచి చెప్పులేసుకుని, ఆ వీధి చివర ఇంకో ఇంట్లో తన కోసం ఎదురుచూస్తున్న మనుషుల దగ్గరికి గబగబా నడిచింది.